పద్దెనిమిదేళ్ల తర్వాత తిరిగి రావడానికి ఒక చోటు

(అనాథాశ్రమాల్లాంటి బాలల హోమ్‌లలో పెరిగిన పిల్లల గురించి, వాళ్లతో పనిచేసే ఒకరు వాలంటీర్లు, లెక్చరర్లు, దాతల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. భోజనాలయిన వెంటనే నన్ను మాట్లాడమన్నారు. ఎవరికైనా కునుకు పడితే ఏమీ అనుకోను. మొదటి ఐదు నిమిషాలు మాత్రం మేలుకుని ఉండండి, ఎందుకంటే ముందు మిమ్మల్నే ఒక ప్రశ్న అడగాలి.

పద్దెనిమిదేళ్లు నిండిన రోజున ఇల్లు వదిలి వెళ్లి, ఆ తర్వాత మళ్లీ ఆ గడప తొక్కని వాళ్లు ఈ హాల్లో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు. మనమందరం ఇల్లు వదిలాం, కానీ ఒక్కసారిగా వదల్లేదు. చదువుకని వెళ్లాం, పండక్కి వచ్చాం. ఉద్యోగానికి వెళ్లాం, అది పోతే వచ్చాం. అత్తారింటికి వెళ్లాం, కాన్పుకి వచ్చాం. మాటామాటా పెరిగినప్పుడు పెట్టె సర్దుకుని కూడా వచ్చాం. నవ్వుతున్నారు గానీ, రాని వాళ్లెవరో చెప్పండి? ముప్పై ఏళ్లొచ్చిన కొడుకు కూడా నెలాఖరున ఫోన్ చేసి, "నాన్నా, ఒక ఐదు వేలు పంపించు, జీతం రాగానే వేస్తా" అంటాడు. వేస్తాడా? వెయ్యడు. అది వాళ్ల నాన్నకీ తెలుసు.

హోమ్‌లో పెరిగిన పిల్లలు మాత్రం పద్దెనిమిది నిండగానే, ఒక్కసారే వెళ్తారు. ఒక సంచీ, ఒక ఫైలు, ఒక గ్రూప్ ఫొటో. వెళ్లాక అక్కడ వాళ్ల మంచం వేరే పిల్లకి ఇచ్చేస్తారు. ఇవ్వాలి కూడా, తప్పేం లేదు. కానీ బయటికెళ్లిన పిల్లకి ఉద్యోగం పోతే ఎక్కడికి రావాలి? జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఇవాళ నేను చెప్పడానికి వచ్చింది ఇదొక్కటే. పంపించడానికి మన దగ్గర అంతో ఇంతో ఏర్పాటు ఉంది. తిరిగి రావడానికి లేదు.

చట్టం లేక కాదండీ, ఆ మాట ముందే చెప్పాలి. జువెనైల్ జస్టిస్ చట్టం, అంటే పిల్లల సంరక్షణ చట్టం, 2015లో వచ్చింది, 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. హోమ్ నుంచి బయటికొచ్చే వాళ్లకి ఆర్థిక సాయం చెయ్యవచ్చని అందులో 46వ సెక్షన్ చెబుతుంది. ఆ పద్ధతికి ఆఫ్టర్‌కేర్ అని పేరు. 18 నుంచి 21 వరకు. ఆ చట్టం కింద కేంద్రం రాసిన 2016 మోడల్ రూల్స్ ప్రకారం ప్రత్యేక పరిస్థితుల్లో ఇంకో రెండేళ్లు, అంటే 23 దాకా. ఏమేమి ఇవ్వవచ్చో 25వ రూల్‌లో రాశారు. ఆరుగురు, ఎనిమిది మంది కలిసి ఉండడానికి కొంతకాలం ఇల్లు. ట్రైనింగ్ అయ్యేదాకా స్టైపెండ్, పై చదువుకి స్కాలర్‌షిప్. సొంతంగా ఏదైనా పెట్టుకుంటామంటే లోను ఏర్పాటు. మాట్లాడుతూ ఉండడానికి ఒక కౌన్సెలర్. డబ్బు నేరుగా వాళ్ల బ్యాంకు ఖాతాలోనే వెయ్యాలి. ఎవరు రాశారో తెలియదు గానీ, రాసినవాళ్లు పిల్లల్ని చూసినవాళ్లే.

మరి ఇబ్బంది ఎక్కడ? ఇదేదీ దానంతట అది రాదు. బాలల సంక్షేమ కమిటీ, అదే మనం సీడబ్ల్యూసీ అంటామే, వాళ్లు ఆర్డర్ ఇవ్వాలి. ఆర్డర్ ఇవ్వాలంటే, పిల్ల బయటికెళ్లాక ఏం చెయ్యాలో రాసిన ఒక ప్లాన్ వాళ్ల ముందుకి వెళ్లాలి. పిల్ల బయటికెళ్లే రెండు నెలల ముందే ఆ ప్లాన్ పెట్టాలని రూల్. హోమ్‌లో కేస్ వర్కర్ పోస్టు ఖాళీగా ఉంటే ప్లాన్ ఎవరు రాస్తారు? పిల్ల వెళ్లిపోయాక రాస్తారు. లేకపోతే అసలు రాయరు. ఆ పిల్లకేమో ఇలాంటిది ఒకటుందనే తెలియదు. తెలియనిదాన్ని ఎలా అడుగుతుంది?

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. పిల్లల సంరక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం ఉంది, 2022లో వచ్చిన దాని మార్గదర్శకాల ప్రకారం ఆఫ్టర్‌కేర్‌కి నెలకు 4,000 రూపాయలు. వస్తే మంచిదే, వద్దనను. హైదరాబాద్‌లో మాత్రం చాలాచోట్ల మామూలు హాస్టల్ ఫీజుకే అది చాలదు. ఇంకో సంగతి. కోవిడ్‌లో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలకి పీఎం కేర్స్ పథకం కింద 10 లక్షల నిధి ఉంది. 18 నుంచి నెలనెలా స్టైపెండ్, 23 నిండగానే ఆ మొత్తం చేతికి. చాలా మంచి పథకం, మెచ్చుకోవాల్సిందే. కానీ అదే గదిలో పక్క మంచం మీద పిల్ల ఉంటుంది. వాళ్ల అమ్మ టీబీతో పోయింది, నాన్న లారీ కింద పడి పోయాడు. ఆ పిల్లకి అలాంటి నిధి ఏదీ లేదు. "మా అమ్మానాన్న కూడా కరోనాతో పోయి ఉంటే బాగుండేది మేడమ్" అని పిల్ల అంటే మీరేం జవాబు చెబుతారు? నా దగ్గర లేదు.

ఇక ఈ పద్దెనిమిది ఎప్పుడు నిండుతుంది? టీచర్లున్నారు కదా ఇక్కడ, మీకు తెలుసు. మన స్కూలు రికార్డుల్లో జూన్ నెల పుట్టినరోజులు ఎన్నుంటాయి? చేర్చుకునేటప్పుడు పుట్టిన తేదీ తెలియకపోతే ఎవరో ఒకరు జూన్ అని రాసేస్తారు. రైల్వే స్టేషన్‌లో దొరికిన బాబుకి తేదీ ఎవరు చెబుతారు? చూడడానికి ఎనిమిదేళ్ల వాడిలా ఉన్నాడని రాస్తారు. పదో తరగతి సర్టిఫికెట్‌లోకి అదే వెళ్తుంది. చట్టం కూడా ముందు ఆ సర్టిఫికెట్టే చూస్తుంది. అంటే పదేళ్ల కిందట ఒక గుమాస్తా అందాజుగా రాసిన తేదీ, ఈ అబ్బాయి ఏ రోజున హోమ్ వదలాలో నిర్ణయిస్తుంది. అది ఇంటర్ సెకండియర్ మధ్యలో పడిందనుకోండి, నవంబర్‌లోనో డిసెంబర్‌లోనో. మార్చిలో పరీక్షలు. మన ఇళ్లలో అయితే ఆ నాలుగు నెలలు టీవీ కూడా పెట్టనివ్వం.

అందుకే హోమ్ నడిపే వాళ్లు ఎవరైనా ఇక్కడుంటే నా మొదటి విన్నపం మీకే. పిల్లలకి పదిహేను నిండగానే వాళ్ల ఫైళ్లు బయటికి తియ్యండి. ఆధార్ ఉందా? పదిహేనేళ్లకి వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి, ఇచ్చారా? అడ్రస్ లేదని ఆగిపోకండి, గుర్తింపు ఉన్న హోమ్ సూపరింటెండెంట్ సర్టిఫికెట్‌ని ఆధార్ వాళ్లు ఒప్పుకుంటారు. పేరు అన్నిట్లో ఒకేలా ఉందా? ఆధార్‌లో లక్ష్మి, మెమోలో మహాలక్ష్మి, బ్యాంకులో ఎం.లక్ష్మి. పెద్దయ్యాక ఆ ముగ్గురూ ఒక్కరే అని నిరూపించుకోవడానికి ఆ పిల్ల ఎన్ని ఆఫీసులు తిరగాలో! హోమ్‌లో ఉండగా అయితే ఒక లెటర్‌తో అయ్యే పని. బయటికొచ్చాక సెలవు పెట్టుకుని, జీతం కోయించుకుని తిరగాలి.

కుల సర్టిఫికెట్ గురించి ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే చాలామందికి తెలియదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-ఏ జాబితాలో అనాథ పిల్లలు ఉన్నారు. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, చూసేవాళ్లెవరూ లేక, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్లలో, ఆశ్రమాల్లో చేరిన పిల్లలు. కులం ఏమిటో తెలియని పిల్లకి అది పెద్ద ఆసరా. సీటుకీ పనికొస్తుంది, ఉద్యోగానికీ పనికొస్తుంది. మహారాష్ట్ర 2018లో అనాథలకి ఒక శాతం రిజర్వేషన్ పెట్టినప్పుడు మనవాళ్లు ఎంతో మెచ్చుకున్నారు. మన జాబితాలో ఉన్నదాన్ని మాత్రం అడిగేవాళ్లు తక్కువ. ఆ సర్టిఫికెట్‌కి రుజువులన్నీ హోమ్ ఫైల్లోనే ఉంటాయి. పిల్ల వెళ్లాక ఆ ఫైలు అటక మీదికి చేరుతుంది.

సరే, కాగితాలన్నీ ఉన్నాయనుకుందాం. రోజులు గడపడం వచ్చా?

దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. హోమ్‌లో పిల్లలకి అన్నీ బెల్లుతో జరుగుతాయి. బెల్లు కొడితే లేవాలి, బెల్లు కొడితే తినాలి, బెల్లు కొడితే పడుకోవాలి. వంద మందికి వండే గిన్నెలో తిన్న పిల్లకి, ఒక్కదానికి ఎన్ని బియ్యం పొయ్యాలో తెలియదు. నిజంగా తెలియదు. మేం చూశాం, ఇద్దరు అమ్మాయిలు గది తీసుకుని మొదటి రోజు వండిన అన్నం ఆ వాడంతా పంచారు. కూరగాయల బేరం తెలియదు. కరెంటు బిల్లు ఎక్కడ కట్టాలో తెలియదు. నెల జీతం నెలంతా రావాలన్న లెక్క తెలియదు, ఎందుకంటే ఇరవై రూపాయలకి మించి ఎప్పుడూ చేతిలో పెట్టుకోలేదు. మొదటి జీతంతో మంచి ఫోన్ కొంటారు. దానికి తిడతాం మనం. ఆ వయసులో మన పిల్లలకి ఫోన్ ఎవరు కొన్నారు? మనమే కదా.

అన్నిటికన్నా కష్టం ఏమిటంటే, "కాదు" అనడం రాదు. ఆఫీసర్ వస్తే లేచి నిలబడాలి, దాత వస్తే పాట పాడాలి, ఎవరేం చెప్పినా "సరే మేడమ్" అనాలి. మంచి పిల్ల అంటే మాట వినే పిల్ల. పద్దెనిమిదేళ్లు అలా పెంచి, ఒకరోజు పొద్దున్నే "ఇకనుంచి నీ నిర్ణయాలు నువ్వే తీసుకో" అంటాం. ఎలా తీసుకుంటుంది? షాపు యజమాని జీతం ఆపితే అడగలేదు. ఎవడో తియ్యగా మాట్లాడి లోను కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టేస్తుంది.

కాబట్టి పదిహేనేళ్ల నుంచే వంటగదిలోకి రానివ్వండి. రూల్స్ ఒప్పుకోవంటారా? చాకు ఇవ్వకండి, లెక్క ఇవ్వండి. వారానికి ఒకసారి నలుగురు పెద్దపిల్లల్ని మార్కెట్‌కి తీసుకెళ్లండి. బ్యాంకుకి వాళ్లనే పంపి డబ్బు వేయించండి. తప్పు చెయ్యనివ్వండి, డబ్బు పోగొట్టనివ్వండి. అక్కడ యాభై పోతే తిట్టి ఊరుకుంటాం.

ఇంకో విషయం, కొంచెం కటువుగా ఉంటుంది. పద్దెనిమిది నిండేదాకా కనబడని బంధువులు, నిండగానే కనబడతారు. చిన్నాన్న వస్తాడు, మేనమామ వస్తాడు. "మా పిల్లే కదా, మేం చూసుకుంటాం" అంటారు. కొందరు నిజంగానే ప్రేమతో వస్తారు, కాదనను. కొందరు పిల్ల సంపాదించే వయసుకొచ్చిందని వస్తారు. కొందరు, తండ్రి పేరున ఉన్న ఎకరం పొలం మీద సంతకం కోసం వస్తారు. పిల్లకి ఆ తేడా ఎలా తెలుస్తుంది? చుట్టం అని ఒకడొస్తే చాలనుకుంటుంది, పాపం. ఇలాంటప్పుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి తీసుకెళ్లండి. ఆడపిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్ సాయం ఉచితం. ఇది 1987 నాటి చట్టం, కొత్తదేమీ కాదు.

ఆడపిల్లలకి మనం కనిపెట్టిన ఇంకో ఆఫ్టర్‌కేర్ ఉంది. పెళ్లి. పద్దెనిమిది నిండగానే సంబంధం చూస్తారు. పెద్దలొచ్చి కాళ్లు కడిగి కన్యాదానం చేస్తారు, పేపర్లో ఫొటో వస్తుంది, అందరి కళ్లూ చెమర్చుతాయి. నేను పెళ్లికి వ్యతిరేకిని కాదు. కానీ ఆ పిల్లకి ఆ వయసులో చదువు లేదు, ఉద్యోగం లేదు, పుట్టిల్లు లేదు. ఆ మూడూ లేని పిల్లని ఇంకో ఇంటికి పంపితే, రేపు వాళ్లు కొడితే ఎక్కడికొస్తుంది? హోమ్‌కి రావచ్చా? "నీకు పెళ్లి చేసి పంపాంగా" అంటారు. ఫొటోలో ఉన్న పెద్దలకి ఫోన్ చెయ్యాలా? పెళ్లి చేసే ముందు, కనీసం మొదటి పండక్కి ఆ పిల్లని పిలిచేది ఎవరో తేల్చుకోండి. ఎవరూ లేకపోతే ఆగండి. పిల్లకి ఇంకా పద్దెనిమిదే.

...ఏమిటండీ? ఫాస్టర్ కేర్‌లో ఉన్నవాళ్ల సంగతి అడుగుతున్నారు. మంచి ప్రశ్న. ఫాస్టర్ కేర్ అంటే దత్తత కాదు, పిల్లని ఒక కుటుంబంలో ఉంచి పెంచడం. 44వ సెక్షన్. మన దగ్గర ఇంకా తక్కువే. అక్కడా ప్రభుత్వం ఇచ్చే నెల డబ్బు 18కే ఆగుతుంది. కానీ డబ్బు ఆగినా మంచి కుటుంబం ఆగదు చూడండి, తేడా అక్కడుంది. ఇంగ్లండ్‌లో 2014లో దీనికే చట్టం చేశారు. పిల్ల, పెంచినవాళ్లు ఇద్దరూ ఇష్టపడితే 21 దాకా అదే ఇంట్లో ఉండవచ్చు, దానికి ప్రభుత్వం తోడ్పడాలి. అమెరికాలో 2008 చట్టం తర్వాత చాలా రాష్ట్రాలు 21 దాకా పెంచాయి. కాలిఫోర్నియా లాంటి చోట్ల 18కి "నాకేం అక్కర్లేదు, నేను పోతున్నా" అని వెళ్లిన పిల్ల కూడా, 21లోపు మనసు మార్చుకుని తిరిగి చేరవచ్చు. వాళ్ల దగ్గర అంతా బాగుందని కాదు నేననేది. ఆ వయసు పిల్లలు రోషంతో వెళ్లిపోతారని, వారం తిరక్కుండా తల గోక్కుంటూ వస్తారని గుర్తించి దాన్ని చట్టంలో రాశారు. మన రూల్స్‌లో ఆ ఒక్కటీ స్పష్టంగా రాస్తే చాలని నాకనిపిస్తుంది. ఒకసారి ఆఫ్టర్‌కేర్ వద్దన్నవాళ్లు 23లోపు ఎప్పుడైనా వచ్చి అడగవచ్చు అని.

అది జరిగేదాకా ఏం చెయ్యాలి? సొంత కుటుంబానికి దూరంగా పెరిగే పిల్లల గురించి ఐక్యరాజ్య సమితి 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక మాట ఉంది. వీలైనంత వరకు, బయటికెళ్లే ప్రతి పిల్లకీ తోడ్పడడానికి ఒక ప్రత్యేకమైన మనిషిని కేటాయించాలని. కమిటీ అనలేదు చూశారా, ఒక మనిషి. మీలో ఆ మనిషి అవుదామని అనుకునేవాళ్లు ఉన్నారు, ఉదయం చాలామంది పేర్లు రాసిచ్చారు. సంతోషం. కానీ రాసిచ్చిన కాగితం వెనక్కి తీసుకునే అవకాశం కూడా సాయంత్రం దాకా ఇస్తున్నాను. ఇది నిజంగానే అంటున్నాను. ఈ పిల్లల్ని ఇప్పటికే చాలామంది వదిలేశారు. మూడు నెలలు అక్కా అక్కా అనిపించుకుని, నాలుగో నెల ఫోన్ ఎత్తకపోతే, అసలు రాకపోయి ఉంటే బాగుండేది.

ఉంటామనే వాళ్లకి నా అనుభవం చెబుతాను. నెలకి రెండుసార్లు, ఫలానా రోజు, ఫలానా టైముకి మీరే ఫోన్ చెయ్యండి. వాళ్లు చేస్తారని చూడకండి, చెయ్యరు. మొదట్లో అన్నిటికీ "బాగున్నా అక్కా" అంటారు. బాగుండరు. ఏం తిన్నావు అని అడగండి, అక్కడ తెలుస్తుంది. ఇంటికి పిలవండి, కానీ మీ ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటేనే. గుమ్మంలో మొహం మాడ్చుకునే మనిషిని ఈ పిల్లలు ఇట్టే పసిగడతారు. అప్పు ఇవ్వాలా వద్దా అంటారు. నా మటుకు నేను చిన్న మొత్తాలు ఇస్తాను, తిరిగి రాకపోతే ఆ మాట ఎత్తను. మాలోనే కొందరు ఇవ్వకూడదంటారు. ఆలోచించుకోండి. మీకు వాళ్ల మీద కోపం వస్తుంది, రావాలి కూడా. ఉద్యోగం పెట్టిస్తే పది రోజులకి మానేస్తారు. తిట్టండి, తిట్టి భోజనం పెట్టండి. మన అమ్మలు చేసింది అదే కదా.

ఫొటోలు పెట్టకండి. "నేను సాయం చేస్తున్న అనాథ" అని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. ఆ అబ్బాయి ఇప్పుడు పెద్దవాడు. ఆఫీసులో తోటివాళ్లకి తన కథ చెప్పాలో వద్దో అతని ఇష్టం.

దాతలతో ఒక్క మాట. మీ పుట్టినరోజుకి హోమ్‌కి కేకు తెస్తారు, భోజనం పెడతారు. మంచిదే. కానీ చిన్నపిల్లలున్న హోమ్‌కే తెస్తారు. మూతి మీద మీసం వచ్చిన అబ్బాయికి ఎవరూ కేకు తేరు. మీరు కేకుకి పెట్టే డబ్బు ఒక గది అడ్వాన్సుకి పెట్టండి. ఫ్యాక్టరీలు, షాపులు నడిపే వాళ్లున్నారు కదా, ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఊళ్లో తెలిసినవాళ్లెవరైనా హామీ ఉండాలంటారు. ఆ ఒక్క షరతు దగ్గరే ఈ పిల్లలు ఆగిపోతారు. హోమ్ ఇచ్చే లెటర్‌ని హామీగా తీసుకోండి.

చివరగా కాలేజీల వాళ్లకి. సంక్రాంతి సెలవులకి హాస్టల్ మూసేస్తారు. మెస్ బంద్, వాచ్‌మన్ కూడా ఊరెళ్తాడు. అందరూ బస్సెక్కుతారు. హోమ్ నుంచి వచ్చిన పిల్ల మాత్రం "మా ఊరెళ్తున్నా" అని అబద్ధం చెప్పి, బస్టాండ్లోనో, స్నేహితురాలి గదిలోనో, కొన్నిసార్లు వెళ్లకూడని చోటనో ఆ వారం గడుపుతుంది. మేం పోగొట్టుకున్న పిల్లల్లో కొందరు ఇలాంటి సెలవుల్లోనే దారి తప్పారు. మీరు చెయ్యాల్సింది చాలా చిన్న పని. డిసెంబర్‌లోనే, నలుగురి ముందు కాకుండా విడిగా, సెలవులకి ఎవరు ఎక్కడికెళ్తున్నారో కనుక్కోండి. వెళ్లడానికి చోటు లేనివాళ్లకి ఒక గది తెరిచి ఉంచండి, వంటకి ఏర్పాటు చెయ్యండి. మీ వల్ల కాకపోతే జిల్లా బాలల పరిరక్షణ అధికారికి, అదే డీసీపీవోకి, ముందుగా చెప్పండి. ఈ సంవత్సరానికి ఇంకా టైముంది, లిస్టు ఇవాళ్టి నుంచే మొదలుపెట్టవచ్చు. పేర్లు మా దగ్గర ఉన్నాయి, వాళ్లు ఒప్పుకుంటే మీకిస్తాం.

నాకిచ్చిన టైము దాటిపోయినట్టుంది. ప్రశ్నలుంటే అడగండి. వెనక వరసలో చెయ్యెత్తిన మేడమ్, ముందు మీరు చెప్పండి.